చూపుకు మెరుపు, చెవికి డబ్బా మోత: ఒక అక్రిలిక్ డ్రమ్ కిట్ కేస్ స్టడీ

విజయనగరంలో డ్రమ్ముల మరమ్మతు, ట్యూనింగ్ నా వృత్తి. పెళ్ళిళ్ళ సీజన్‌లో సౌండ్ పనికి కూడా వెళ్తుంటాను. అక్రిలిక్ (గాజులా పారదర్శకంగా ఉండే గట్టి ప్లాస్టిక్) కిట్ కొందామనుకునేవాళ్ళూ, కొని విసిగిపోయినవాళ్ళూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: ‘ప్లాస్టిక్ కదా, చెక్కలా మోగుతుందా?’ నోటిమాటగా ఏదో ఒక జవాబు చెప్పి పంపేయడం తేలిక. ఈ కేసులో మాత్రం ఆ ప్రశ్నను నిలబెట్టి పరీక్షించే తీరిక దొరికింది, దానికి ఒప్పుకున్న యజమాని కూడా దొరికారు. అందుకే రాస్తున్నాను. ట్రూపు పేరు, ఊరు, కిట్ తయారుచేసిన కంపెనీ పేరు వదిలేశాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. సాంకేతిక విషయాల్లో మార్పు లేదు.

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పట్టణం నుంచి నడిచే ఆర్కెస్ట్రా ఇది. రిసెప్షన్లు, అమ్మవారి పండుగలు, చవితి పందిళ్ళు, దసరా కార్యక్రమాలు వీళ్ళ బతుకుతెరువు. నడిపే పెద్దాయన ఒకప్పుడు తబలా వాయించేవారు. డ్రమ్మర్ పాతికేళ్ళ కుర్రవాడు, చెయ్యి మంచిదే, కాస్త దూకుడు ఎక్కువ. అంతకుముందు చాలాకాలం ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ అయిన ఆక్టోప్యాడ్‌తోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడు కార్యక్రమం మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్ళు ముందుగా అడుగుతున్నది వీడియోలు. వీడియోలో ప్యాడ్ కనబడదు, డ్రమ్ కిట్ కనబడుతుంది. అందులోనూ అవతలి వైపు కనిపించే కిట్ అయితే చూసినవాళ్ళు ఇంకోసారి చూస్తారు. విశాఖలో ఎవరో వాడి అమ్మేసిన అక్రిలిక్ కిట్‌ను పెద్దాయన అలా కొన్నారు. 22 అంగుళాల కిక్ (కాలి పెడల్‌తో మోగించే పెద్ద డ్రమ్ము), కర్రలతో కొట్టే 10, 12 అంగుళాల టామ్‌లు, నేల మీద నిలబడే 16 అంగుళాల ఫ్లోర్ టామ్. షెల్ (డ్రమ్ము గుండ్రటి గోడ) మందం 6 మిల్లీమీటర్లు. స్నేర్ (కింద తీగలుండి చరచరలాడే డ్రమ్ము) మాత్రం ఇనుపది, అది వేరే కిట్‌లోది.

అక్రిలిక్ డ్రమ్ములు నిన్న మొన్నటివి కావు. అమెరికాలో లుడ్విగ్ కంపెనీ విస్టలైట్ పేరుతో 1970ల మొదట్లోనే వీటిని బజారులోకి తెచ్చింది. బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ 1973లో తేనెరంగు విస్టలైట్ కిట్‌తో వేదికలెక్కిన తర్వాత ‘అక్రిలిక్ అంటే గర్జన’ అన్న నమ్మకం స్థిరపడిపోయింది. ఆయన కిక్ 26 అంగుళాలదని, ఆ చెయ్యి వేరని చాలామంది మరచిపోతారు. అదే మనిషి అంతకుముందు చెక్క కిట్ వాయించాడు, 1977 నాటికి స్టెయిన్‌లెస్ స్టీలు కిట్ వాయించాడు. మూడింటిలోనూ వినిపించేది బోనమే. మా కుర్రవాడి ఫోనులో ఆ వీడియోలు ఉన్నాయి. అతని ఆశ కూడా అదే.

వచ్చిన ఫిర్యాదు

పెద్దాయన కిట్‌ను వ్యానులో తెచ్చి దించి చెప్పిన మాట: “మాస్టారూ, స్టేజి మీద పెడితే కళ్ళు తిప్పుకోలేం. కొడితే మాత్రం నూనె డబ్బా. గాయకులు గొడవ పెడుతున్నారు. చెక్క కిట్ ఏదైనా ఉంటే దీన్ని తీసుకుని అది ఇప్పించండి.” డ్రమ్మర్ పక్కకు పిలిచి వేరే మాట చెప్పాడు: “సార్, జాతరల్లో బ్రహ్మాండంగా పలుకుతుంది. హాల్లోనే చెడిపోతుంది.”

ఈ రెండో మాట దగ్గరే నేను ఆగాను. వస్తువు గుణమే చెడ్డదైతే మైదానంలోనూ చెడ్డగానే పలకాలి. ఆరుబయట బాగుండి, హాల్లో డబ్బా అవుతున్నదంటే, డ్రమ్ములో ఉన్న ఏదో ఒక గుణాన్ని హాలు పెద్దది చేసి చూపిస్తోందన్నమాట. కాబట్టి కిట్ మార్పిడి మాట పక్కన పెట్టి, ముందు వాళ్ళ రిసెప్షన్ ఒకటి వినడానికి వెళ్ళాను.

ఫంక్షన్ హాలు మన జిల్లాల్లో అన్ని చోట్లా ఉన్నట్టే ఉంది: కింద పాలరాతి పలకలు, పక్కన గాజు తలుపులు, పైన జిప్సం సీలింగు. ఎక్కడా శబ్దాన్ని పీల్చుకునే గుడ్డ ముక్క లేదు. పాట మధ్యలో సౌండ్ ఆపరేటర్‌ను అడిగి డ్రమ్ముల మైకులన్నీ పూర్తిగా దించేయించాను. ముందు వరుసల్లో తేడా దాదాపు ఏమీ లేదు. వెనక వరుసల్లో కొద్దిగా తగ్గింది, అంతే. అంటే జనం వింటున్నది స్పీకర్లలోని డ్రమ్ములను కాదు, నేరుగా కిట్‌నే. ఆపరేటర్ నెలల తరబడి మిక్సర్ మీద ఈక్వలైజర్ మీటలు తిప్పుతూనే ఉన్నాడు. పాపం, తన చేతిలో లేని శబ్దాన్ని సరిచేయడానికి ప్రయత్నించాడు. అక్కడితో మిక్సర్ వైపు చూడటం మానేసి పనంతా కిట్ మీదే చేయాలని తేల్చుకున్నాను.

బల్ల మీద కనబడినవి

స్కిన్లు (డ్రమ్ముకు పైనా కిందా బిగించే పలుచని రేకులు) ఊడదీస్తే మొదట కనిపించింది పాత నిర్లక్ష్యం. పైనా కిందా ఒకే పొర ఉన్న పారదర్శక స్కిన్లు, గుంతలు పడి మెరుగు పోయినవి. వాటి మీద అక్కడక్కడా మోతను అణచే జెల్ ముక్కలు, ప్లాస్టర్ టేపు. కిక్ లోపల ఒక తలగడ కుక్కి ఉంది. షెల్ పారదర్శకం కాబట్టి ఆ పూల తలగడ సభలో అందరికీ కనిపించి ఉండాలి.

అసలు విషయం బేరింగ్ ఎడ్జ్ దగ్గర దొరికింది. స్కిన్ ఆనుకునే షెల్ అంచు అది. డ్రమ్ము గొంతు చాలావరకు తయారయ్యేది అక్కడే. చెక్క షెల్ అయితే అంచు సమంగా ఉందో లేదో చూడటం సులభం: గ్రానైట్ పలక మీద బోర్లించి, లోపల టార్చి పెట్టి, గది చీకటి చేస్తే అంచు కింద నుంచి వెలుతురు కారే చోటు తెలుస్తుంది. అక్రిలిక్‌కు ఆ కిటుకు పనిచేయదు, షెల్ మొత్తం వెలిగిపోతుంది. దీనికి నేను చేసే పని వేరు. గ్రానైట్ మీద సుద్దపొడి పలుచగా చల్లి, షెల్‌ను బోర్లించి కొద్దిగా తిప్పి ఎత్తుతాను. ఎత్తుగా ఉన్న చోట్ల తెల్లగా అంటుకుంటుంది, పల్లంగా ఉన్న చోట అంచు శుభ్రంగానే ఉంటుంది. 12 అంగుళాల టామ్‌లో మూడోవంతు అంచుకు సుద్ద అంటనే లేదు. ఫ్లోర్ టామ్ అంచు మీద చెంచా అంత మేర పెచ్చు లేచిపోయి ఉంది. పైగా నాలుగింటికీ 45 డిగ్రీల పదునైన అంచు. వేలు పెట్టి తిప్పితే చర్మం గీసుకునేంత పదును.

పదునైన అంచు స్కిన్‌ను అతి తక్కువ చోట తాకుతుంది. దాంతో పై స్వరాలన్నీ (మూల స్వరంతో పాటు మోగే సన్నని స్వరాలు) స్వేచ్ఛగా, ఎక్కువసేపు మోగుతాయి. గట్టి, నున్నని అక్రిలిక్ లోపలి గోడ వాటిని పెద్దగా తినదు. అంచు ఎత్తుపల్లాలుగా ఉంటే స్కిన్ ఒక్కో చోట ఒక్కో బిగువుతో ఉండి, పక్కపక్కనే ఉన్న రెండు స్వరాలు ఒకదానితో ఒకటి పోట్లాడుతాయి. పాలరాతి హాల్లో ఆ పోట్లాట అంతా తిరిగి తిరిగి వినిపిస్తుంది. ఆరుబయట గాలిలో కలిసిపోతుంది.

ఇంకొక విషయం కూడా లెక్కలోకి తీసుకున్నాను: ఫిర్యాదు చేస్తున్న చెవి ఎవరిది? పెద్దాయనది తబలా చెవి. సాదా స్కిన్ ఉన్న డ్రమ్ములో పై స్వరాలు మూల స్వరానికి 1.59, 2.14, 2.30 రెట్ల దగ్గర పడతాయి. సంగీతానికి అవి పొత్తు కుదరని లెక్కలు. తబలా, మృదంగాల మీద ఉండే నల్లటి కరణి ముద్ద ఆ పై స్వరాలను పూర్ణాంకాల పొత్తులోకి తెస్తుందని, విశాఖలోనే చదువుకుని పెరిగిన సి.వి. రామన్ 1920లో నేచర్ పత్రికలో చెప్పారు. జీవితమంతా ఆ శ్రుతి విన్న మనిషికి టామ్ మోత ఏదైనా కొంత డబ్బాలాగే వినిపిస్తుంది, అది చెక్కదైనా సరే. ఈ సంగతి ఆయనకు ముందే చెప్పాను. లేకపోతే చెక్క కిట్ కొన్నాక మళ్ళీ ఇదే ఫిర్యాదు వస్తుంది.

చెక్కకు మారిపోవచ్చు కదా?

అది సమంజసమైన దారే, తోసిపుచ్చలేదు. రెండు కారణాల వల్ల వెంటనే ఒప్పుకోలేదు. ఒకటి, వీళ్ళ కార్యక్రమాల్లో సగం తీరగ్రామాల్లో. ఉప్పుగాలికి, తేమకు పొరల చెక్క ఉబ్బి, అంచులు కదిలి, పైన అతికించిన రేకు బుడగలు కడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం వైపు నుంచి నా దగ్గరకు వచ్చిన చెక్క డ్రమ్ముల్లో పొరలు విడిపోయి పనికిరాకుండా పోయినవే ఎక్కువ. అక్రిలిక్ నీటిని దాదాపు పీల్చదు, ఆ బాధ దానికి లేదు. రెండోది, వీళ్ళకు పని తెచ్చిపెడుతున్నదే ఆ రూపం. రూపాన్ని వదిలించి శబ్దాన్ని ఇవ్వడం నా దృష్టిలో మరమ్మతు కాదు. చెక్కకు ఉన్న ఒక సుఖం మాత్రం ఒప్పుకోవాలి: బరువు. అక్రిలిక్ సాంద్రత ఘనసెంటీమీటరుకు దాదాపు 1.19 గ్రాములు, మేపుల్ వంటి చెక్కకు 0.7 దరిదాపుల్లో. 22 అంగుళాల వ్యాసం, 18 అంగుళాల లోతు ఉన్న కిక్ షెల్ ఒట్టిదే ఐదున్నర కిలోలు దాటుతుంది. మోసే కుర్రవాళ్ళ తిట్లకు నా దగ్గర మందు లేదు.

ముందు చేసినవి, పనిచేయనివి

అంచుల మీద చెయ్యి పెడితే వెనక్కి తీసుకోలేం. అందుకని వెనక్కి తీసుకోగలిగిన మార్గాలన్నీ మొదట చూశాం.

మొదటిది అణచడం. పాత జెల్ ముక్కలు పీకేసి, పద్ధతి ప్రకారం కొత్త జెల్, పైవైపు రెండు పొరల మధ్య నూనె ఉన్న మందపాటి స్కిన్లు వేశాం. నా గదిలో బ్రహ్మాండంగా ఉంది, టామ్‌లు పొట్టిగా, ముద్దగా పలికాయి. హాల్లో వేరే సంగతి. పొడుగ్గా సాగే మోత పోయింది కానీ కర్ర స్కిన్‌ను తాకే చప్పుడు అలాగే మిగిలింది. వెనక వరుసలకు ఆ ‘టక్’ ఒక్కటే చేరింది. తన టామ్ తనకే వినిపించక డ్రమ్మర్ మరింత బలంగా కొట్టాడు. ఫిర్యాదు పెరిగింది. అణచడం సాగే మోతను తగ్గిస్తుంది, దెబ్బ తాలూకు పదునును అంతగా తగ్గించదు. హాల్లో బాధపెడుతున్నది రెండోదే.

తర్వాత, ఒకే పొర స్కిన్లతోనే శ్రుతి బాగా కిందికి దించి చూశాం. వదులుగా ఉన్న స్కిన్ అంచులోని పల్లాన్ని పట్టుకోలేక, ఆ చోట ముడత పడి గరగరలాడింది. అంచు సరిగా లేని డ్రమ్ము బిగించినంతసేపే లొంగినట్టు ఉంటుంది.

డ్రమ్మర్ చుట్టూ నిలబెట్టే పారదర్శక తెర తెప్పిద్దామని ట్రూపులో ఒకరన్నారు. అది కూడా అక్రిలిక్ రేకే. ముందుకు వెళ్ళే శబ్దాన్ని కొంత ఆపుతుంది, నిజమే. ఆపినదాన్ని తిరిగి డ్రమ్మర్ చెవుల్లోకి, అతని మైకుల్లోకి తోస్తుంది. వెనకాల దుప్పట్లో, ఫోమ్ పలకలో లేకుండా అది సగం వైద్యం. రిసెప్షన్ వేదిక మీద పెళ్ళివారు దుప్పట్లు కట్టనిస్తారా? ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

పనిచేసినవి

ఇక అంచులు. షెల్ మీదకు వెళ్ళేముందు బోర్డులు చేసే షాపు నుంచి 6 మిల్లీమీటర్ల తుక్కు ముక్కలు తెచ్చి వాటి మీద రూటర్ (అంచులు కోసే చేతి యంత్రం) ఆడించాను. అక్రిలిక్‌కు రెండు చెడ్డ గుణాలు. ఒకే చోట బిట్ ఆగితే వేడికి కరిగి, తెగిన పొడి మళ్ళీ అంచుకే అతుక్కుంటుంది. ఒకేసారి లోతుగా తింటే పెచ్చు లేస్తుంది. పదునైన కార్బైడ్ బిట్, ప్రతిసారీ పలుచని కోత, ఆగకుండా ఒకే వేగంతో చెయ్యి కదలాలి. తుక్కు ముక్కల మీద చెయ్యి కుదిరాక షెల్ ముట్టుకున్నాను.

ముందుగా గ్రానైట్ మీద ఎమరీ కాగితం అతికించి, నీళ్ళతో తడుపుతూ, షెల్‌ను తిప్పుతూ అంచు సమం చేశాను. సుద్దపొడి అంచు చుట్టూ ఒకే తెల్లని గీతగా అంటుకునేదాకా ఇదే పని. తర్వాత అంచు బయటి సగాన్ని గుండ్రంగా తీశాను. దీంతో స్కిన్ కొంత వెడల్పున ఆనుతుంది, పై స్వరాలు త్వరగా చల్లారతాయి, మూల స్వరం ముందుకు వస్తుంది. శబ్దాన్ని జెల్‌తో కాకుండా అంచుతో మలచడం ఇక్కడి ఉద్దేశం. జెల్ స్కిన్‌ను ఒకచోట పట్టుకుంటుంది, అంచు చుట్టూ సమంగా పట్టుకుంటుంది.

పైన గరుకు పూత ఉన్న రెండు పొరల స్కిన్లు, కింద ఒకే పొరవి. కింది స్కిన్‌ను పైదానికంటే కొంచెం బిగువుగా పెట్టాను. రెండూ ఒకే శ్రుతిలో ఉంటే మోత అన్నిటికంటే ఎక్కువసేపు సాగుతుంది, మాకు కావలసింది అది కాదు. కిక్‌లో తలగడ తీసేసి, లోపలి అంచున పలుచని వలయం ఉన్న స్కిన్ వేసి, ముందు స్కిన్‌కు ఒక పక్కగా 5 అంగుళాల రంధ్రం పెట్టాం. పెడల్ మీద కిక్‌ను కొట్టే ప్లాస్టిక్ బీటర్ తీసి ఫెల్ట్ బీటర్ పెట్టాం. డ్రమ్మర్‌కు హాళ్ళ కోసం సన్నపాటి కర్రలు ఇచ్చాను. అతను మొహం ముడుచుకున్నాడు. జాతరకు పాత కర్రలే వాడుకోమన్నాక ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత అసలు ప్రశ్నకు వచ్చాం. నా దగ్గర 12 అంగుళాల చెక్క టామ్ ఒకటి ఉంది, దాని అంచు కూడా గుండ్రటిదే. మొదట్లోనే ఈ పోలిక పెట్టి ఉంటే లాభం లేదు: ఒకదానికి పదును అంచు, రెండోదానికి గుండ్రని అంచు ఉంటే, వినిపించే తేడా దేనివల్లో చెప్పలేం. ఇప్పుడు రెండింటికీ ఒకే రకం స్కిన్లు, ఒకే శ్రుతి, ఒకే స్టాండు. మధ్యలో తెర కట్టి, పెద్దాయనను, ఇద్దరు గాయకులను, ఆపరేటర్‌ను బయట కూర్చోబెట్టి మార్చి మార్చి కొట్టించాను. నెమ్మదిగా కొట్టినప్పుడు ఎవరూ నికరంగా చెప్పలేకపోయారు. పెద్దాయన ఎక్కువగా అక్రిలిక్‌నే చెక్క అన్నారు. గట్టిగా కొట్టినప్పుడు ఆపరేటర్ ఒక్కడు తేడా పట్టాడు: ఒకటి దెబ్బ దగ్గర కాస్త కరుకుగా, కాస్త బిగ్గరగా ఉందన్నాడు. అది అక్రిలిక్. నా చెవికీ అంతే తేడా. పదార్థం తేడా లేదనను, ఉంది. కానీ అంచు, స్కిన్, శ్రుతి తెచ్చిన మార్పు ముందు అది చిన్నది.

తెర తీశాక పెద్దాయన రెండు డ్రమ్ములనూ చూస్తూ మళ్ళీ విన్నారు. “ఇప్పుడు చూస్తూ వింటే మాత్రం చెక్కదే తియ్యగా ఉంది మాస్టారూ” అన్నారు. నవ్వుకున్నాం. ఆ మాటను కొట్టిపారేయలేదు నేను. శ్రోతలు తెర వెనక కూర్చోరు. వేదిక మీద గాజులా మెరిసేది కనబడితే చెవి గాజు మోత కోసమే వెతుకుతుంది.

రెండో జబ్బు: పగుళ్ళు

శబ్దం పని మధ్యలో ఏటవాలు వెలుతురులో షెల్ తిప్పుతుంటే ఫ్లోర్ టామ్ లగ్ (స్కిన్‌ను బిగించే మరలు పట్టుకోవడానికి షెల్‌కు తగిలించే లోహపు ముక్క) రంధ్రం నుంచి వెంట్రుక లాంటి పగులు కనబడింది. కిక్ కాలు బిగించే చోట ఇంకొకటి. వాటి చుట్టూ వెండి పొడి చల్లినట్టు సన్నని గీతల గుంపు. నేరుగా చూస్తే కనబడవు. ఈ గీతలు దెబ్బ వల్ల రావు, ద్రావకం వల్ల వస్తాయి. అడిగితే తేలింది: ట్రూపు పేరు స్టిక్కర్ మార్చినప్పుడల్లా జిగురు పోవడానికి థిన్నర్‌తో, గంధం మరకలకు గాజు తుడిచే ద్రవంతో తుడిచేవారు. థిన్నర్, ఆల్కహాలు, అమ్మోనియా కలిసిన ద్రవాలు ఒత్తిడిలో ఉన్న అక్రిలిక్‌ను చీలుస్తాయి. ఒత్తిడి లేనిచోట అదే గుడ్డ తుడిచినా ఏమీ కాకపోవచ్చు. రంధ్రాల చుట్టూ ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది.

ఆ ఒత్తిడి ఎక్కడిది? లగ్ మరలు రంధ్రాల్లో ఇరుకుగా, వాషరు లేకుండా, లోహం నేరుగా అక్రిలిక్‌ను నొక్కేలా బిగించి ఉన్నాయి. ఫ్లోర్ టామ్‌కు పొడవాటి లగ్‌లు, ఒక్కోటి రెండు చోట్ల బిగించినవి, ఆ రెండింటి మధ్య దూరం సుమారు 300 మిల్లీమీటర్లు. ఏసీ హాల్లోంచి ఎండలో నిలిపిన వ్యానులోకి వెళ్ళేసరికి 30 డిగ్రీల తేడా పెద్ద విషయం కాదు. ఆ తేడాకు అక్రిలిక్ అంత పొడవున 0.6 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, ఉక్కు 0.1 మాత్రమే. మిగిలిన అర మిల్లీమీటరుకు చోటెక్కడ? రంధ్రం గోడే భరించాలి.

బాగుచేసే దారులు మూడు కనిపించాయి. కొత్త షెల్ తెప్పించడం: మిగతా షెల్‌ల రంగుతో కలవదు, ఖర్చూ ఎక్కువ. క్లోరోఫాం పోసి అతకడం: బోర్డుల షాపుల్లో అక్రిలిక్ అతికే పద్ధతి అదే, అతుకు బాగానే కూర్చుంటుంది. కానీ ఇప్పటికే ద్రావకంతో చీలిన, ఒత్తిడి పోని చోట మళ్ళీ ద్రావకం పోయడం నాకు నచ్చలేదు. ముందు 80 డిగ్రీల దగ్గర గంటల తరబడి సమంగా కాచి, నెమ్మదిగా చల్లార్చితే ఒత్తిడి పోతుంది. అంత పెద్ద షెల్ పట్టే ఓవెన్ ఊళ్ళో పౌడర్ కోటింగ్ వాళ్ళ దగ్గర ఉంది. అది 180 డిగ్రీల పైన నడిచేది, 80 దగ్గర నిలకడగా నిలుస్తుందన్న నమ్మకం లేదు. అక్రిలిక్ 105 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడిపోతుంది. వద్దనుకున్నాను. షాపు కుర్రవాడు ఉత్సాహంగా “రంధ్రాలూ అంచులూ మంటతో మెరుగు పెట్టేస్తాను” అన్నాడు. మంట మెరుగు చూడటానికి అద్దమే, లోపల మాత్రం కొత్త ఒత్తిడి నింపి వెళ్తుంది. అదీ వద్దన్నాను.

మూడోది ఎంచుకున్నాం: పగులు ముందుకు పాకకుండా దాని చివరన చిన్న రంధ్రం వేయడం. పదునైన మొన ఎక్కడో ఉంటేనే పగులు ముందుకు పాకుతుంది. ఆ మొనను గుండ్రని రంధ్రంలో కలిపేస్తే ఆగుతుంది. బిట్ మొనను ప్లాస్టిక్‌కు తగ్గట్టు నూరి, వెనకాల చెక్క ఆనించి, నీటి చుక్కలతో, నెమ్మదిగా వేశాను. లగ్ రంధ్రాలన్నీ కొంచెం పెద్దవి చేసి, మరకు రెండు వైపులా సిలికాన్ రబ్బరు పలక, నైలాన్ వాషరు వేశాను. మెత్తని పీవీసీ వాషర్లు చవకగా దొరుకుతాయి. వాటిని మెత్తబరచడానికి కలిపే పదార్థం మెల్లగా బయటికి వచ్చి అక్రిలిక్‌ను తినేస్తుంది, అందుకని అవి వాడలేదు. పగులు ఉన్న చోట లోపలివైపు భారం పంచడానికి స్టీలు పట్టీ పెడదామనుకున్నాను. “లోపల రేకు కనబడితే ఇంకేం అందం” అన్నారు పెద్దాయన. నిజమే, ఈ కిట్‌లో దాచడానికి చోటు లేదు. పారదర్శక పాలీకార్బొనేట్ పట్టీ వేశాం. దగ్గరికి వెళ్తే తప్ప కనబడదు.

వెలుతురు సంగతి

పని పూర్తయ్యాక లోపల రంగుల ఎల్ఈడీ పట్టీలు అతికించమని డ్రమ్మర్ అడిగాడు. నేను ఒప్పుకోలేదు. టామ్ మోగినప్పుడల్లా ఆ వైరు, టంకం పెట్టిన చోటు షెల్‌కు కొట్టుకుని గరగరమంటాయి. పైగా పట్టీ, దాని వైరు, కనెక్టరు అన్నీ పగలు కూడా కనబడతాయి. వాళ్ళ దగ్గర ఉన్న పార్ లైట్లతోనే (వేదిక మీద వాడే రంగు లైట్లు) ఆ పని చేయవచ్చు.

ముందు నుంచి వేసిన లైటు షెల్ మీద తళుక్కుమని తిరిగి కెమెరా కంట్లో పడుతుంది. వీడియోల్లో తెల్లటి మచ్చలు అందుకే. వెనక నుంచి, నేలకు దగ్గరగా పెట్టిన లైటు షెల్ గుండా వస్తుంది. అక్రిలిక్‌లో దూరిన కాంతి దాని ఉపరితలానికి గీసిన లంబంతో 42 డిగ్రీలకు మించిన కోణంలో తగిలితే బయటికి రాలేక లోపలే ప్రతిఫలిస్తూ అంచుదాకా వెళ్తుంది. అంచు నున్నగా ఉంటే అక్కడ కూడా కొంత భాగం వెనక్కి మళ్ళుతుంది. అంచు కొంచెం గరుకుగా ఉంటే అక్కడ చెల్లాచెదురై వెలుగుతుంది. శబ్దం కోసం తీసిన అంచులను 1000 నంబరు కాగితంతో ఆపేసి, మెరుగు పెట్టకుండా వదిలేశాను. వెనక నుంచి నీలం లైటు వేస్తే రిమ్ (స్కిన్‌ను పట్టి ఉంచే లోహపు చక్రం) కింద ప్రతి డ్రమ్ముకూ ఒక నీలి కడియం నిలబడింది. పెద్దాయన లేచి వచ్చి వేలితో తడిమి చూశారు.

అదే సూత్రం గీతలకూ వర్తిస్తుంది. షెల్ మీద పడిన ప్రతి గీతా వెనక లైటులో వెలుగుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే దుమ్మే గీతలు పెడుతుంది. నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం, మెత్తని గుడ్డ, అంతకు మించి ఏదీ వద్దని రాసి కేసు మూతకు లోపలివైపు అంటించాను. దుమ్ము, పాదాలు, చెప్పులు, నీళ్ళ సీసా, చిక్కుపడిన వైర్లు అన్నీ షెల్ గుండా కనబడతాయి. చెక్క కిట్ దాచిపెట్టే అల్లరినంతా ఇది బయట పెడుతుంది. డ్రమ్మర్ కూర్చునే చోటు ఇప్పుడు ఆ ట్రూపులో అందరికంటే శుభ్రంగా ఉంటుంది.

తర్వాత

హాళ్ళలో గాయకుల ఫిర్యాదు ఆగింది. పూర్తిగా కాదు: చిన్న హాళ్ళలో గట్టి పాటలకు స్నేర్ ఇంకా పొడుచుకుంటూనే ఉంది. అది ఇనుప స్నేర్ సంగతి, ఈ కిట్‌ది కాదు. జాతరల్లో టామ్‌లు మునుపటి కంటే కొంచెం వెనక్కి తగ్గాయని డ్రమ్మర్ అన్నాడు. ఒప్పుకోవలసిన మాటే. గుండ్రని అంచు తీసుకున్న మూల్యం అది. ఆరుబయట మైకులతో ఆ కొరత తీర్చవచ్చు, హాల్లో మైకులతో ఏదీ తీసేయలేం. అందుకే హాలు వైపు మొగ్గాను. వాళ్ళ పనిలో హాళ్ళే ఎక్కువ, గొడవ వస్తున్నది కూడా అక్కడే.

ఎవరైనా వాడిన అక్రిలిక్ కిట్ కొనేటప్పుడు నన్ను తోడు రమ్మంటే ఇప్పుడు మోగించి చూడటం చివరికి పెడుతున్నాను. ముందు స్కిన్ ఊడదీయించి అంచు తడుముతాను. ప్రతి రంధ్రాన్నీ ఏటవాలు వెలుతురులో చూస్తాను. రేకును వంచి అతికిన షెల్ అయితే అతుకు ఎక్కడుందో, దాని దగ్గర లగ్ ఏదైనా ఉందో చూస్తాను. అతుకు లేని షెల్‌లు కూడా ఉన్నాయి, పెర్ల్ వారి క్రిస్టల్ బీట్ అలాంటిదే. దేనితో తుడుస్తున్నారని అమ్మేవాళ్ళను అడుగుతాను. ‘గాజు తుడిచే ద్రవంతో’ అని గర్వంగా చెబితే బేరం కిందికి దిగుతుంది. శబ్దం బాగోలేదన్నది వీటిలో అన్నిటికంటే చిన్న లోపం, దానికి మందు ఉంది.

ఫ్లోర్ టామ్ పగులు ఆగిన చోటే ఉంది. కిక్ కాలు దగ్గరిదాని మీద నాకు ఇంకా పూర్తి నమ్మకం లేదు, ఆ చోట కిక్ బరువు పడుతుంది. దాని చివరను మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టి, పక్కన తేదీ వేశాను. వైశాఖం పెళ్ళిళ్ళు ముగిశాక తెచ్చినప్పుడు గీత దాటలేదు. శ్రావణం ముహూర్తాల ముందు మళ్ళీ తెమ్మన్నాను. దాటితే పెద్ద పట్టీ వేయాలి, లేదా కాలును అక్కడి నుంచి తీసేసి కిక్‌ను విడి స్టాండు మీదికి ఎక్కించాలి. స్టాండు కొలతలు తీసి ఉంచాను.